సుంకరి చేతిలో సుఖదుఃఖాలు

‘సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు’ అని మనకో సామెత. పొలిమేరలో సుంకం మెట్టు దగ్గర కూర్చున్నవాడికి నీ బండిలో ఎన్ని బస్తాలున్నాయో కావాలి గానీ నీ కూతురి కాపురం సంగతెందుకు? వాడికి చెప్పుకుని ఏడవడం దండగ అని వెక్కిరింపు. కానీ కాస్త తిరగేసి చూస్తే ఇందులో ఒక భరోసా కూడా ఉంది. సుంకరి చూసేది సరుకే. బస్తా విప్పుతాడు, తూకం వేస్తాడు, పన్ను కట్టించుకుంటాడు, పొమ్మంటాడు. నీ లోపలి సంగతులు వాడికి అక్కర్లేదు. పెద్ద దయ కాకపోవచ్చు, కానీ అక్కర్లేకపోవడం కూడా ఒక రకమైన స్వేచ్ఛే.

ఇప్పటి సుంకరి విమానాశ్రయంలో కౌంటర్ వెనక ఉంటాడు. పాస్‌పోర్టు చూస్తాడు, ఎందుకొచ్చావంటాడు, ఒక్కోసారి చేయి చాపి ఫోను ఇమ్మంటాడు, లాక్ తియ్యమంటాడు. ఆ ఫోనులో బస్తాలేమీ లేవు. అమ్మతో పడ్డ గొడవలున్నాయి, డాక్టరు రాసిచ్చిన చీటీ ఫొటో ఉంది, విడిపోయిన మనిషి పంపిన చివరి మెసేజ్ ఉంది, అర్ధరాత్రి గూగుల్‌లో వెతికిన భయాలున్నాయి. సుఖదుఃఖాలు మనం చెప్పుకోనక్కర్లేదు. ఆయనే స్క్రోల్ చేసుకుంటాడు.

సరుకు వెతికే అధికారం మాటలు చదివే అధికారంగా ఎప్పుడు మారింది? దానికి చట్టం ఎక్కడెక్కడ గీత గీసింది, ఆ గీత ఎలా చెరిగింది? ఈ కథ అమెరికాది. అదే ఎందుకంటే, ఈ తగువు అక్కడి కోర్టు కాగితాల్లో రెండున్నర శతాబ్దాలుగా నమోదై ఉంది. పైగా ఆ కౌంటర్ల ముందు క్యూలో నిలబడేవాళ్లు ఏటా మన ఇళ్లలోంచే వేలల్లో వెళ్తున్నారు.

*

1761 ఫిబ్రవరి, బోస్టన్. అప్పటికి అమెరికా అనే దేశం లేదు, బ్రిటిష్ వలసలున్నాయి. కరీబియన్ దీవుల నుంచి మొలాసిస్, అంటే చెరకు మడ్డి, ఓడల్లో వచ్చేది. దాంతో రమ్ కాచేవాళ్లు. ఫ్రెంచి దీవుల మడ్డి చవక. దానిమీద 1733లో బ్రిటన్ భారీ సుంకం వేసింది. కట్టినవాళ్లు తక్కువ, చీకట్లో దింపుకున్నవాళ్లు ఎక్కువ. వాళ్లను పట్టుకోడానికి కస్టమ్స్ అధికారుల చేతికి ‘రిట్స్ ఆఫ్ అసిస్టెన్స్’ అనే ఉత్తర్వులు ఇచ్చేవారు. అందులో ఫలానా ఇల్లు అని ఉండదు, ఫలానా సరుకు అని ఉండదు, ఎవరిమీద ఎందుకు అనుమానమో ఉండదు. ఏ ఇల్లయినా, ఏ గోదామయినా, పగటిపూట తలుపు తోసుకుని వెళ్లొచ్చు. ఒకసారి ఇచ్చిన కాగితం రాజు బతికున్నంత కాలం చెల్లుతుంది, రాజు పోయాక ఇంకో ఆరు నెలలు కూడా.

1760 అక్టోబరులో రెండో జార్జి చనిపోయాడు. కొత్త రాజు పేరు మీద కొత్త ఉత్తర్వులు తీసుకోవాలి. బోస్టన్ వర్తకులు అదను చూసి అడ్డం తిరిగారు. జేమ్స్ ఓటిస్ అనే లాయరు సర్కారు కొలువు వదిలేసుకుని మరీ వాళ్ల తరఫున నిలబడి గంటల తరబడి వాదించాడు. ఎవరి ఇంట్లోకైనా ఎప్పుడైనా చొరబడే అధికారం ఒక చిన్న ఉద్యోగి చేతిలో పెడితే, అతగాడి పగలూ పంతాలే చట్టమైపోతాయన్నది ఆయన వాదన సారం. కేసు ఓడిపోయారు. కానీ ఆ కోర్టు గదిలో పాతికేళ్ల జాన్ ఆడమ్స్ నోట్సు రాసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత దేశానికి రెండో అధ్యక్షుడైన మనిషి. స్వాతంత్ర్యమనే బిడ్డ ఆ రోజు, ఆ గదిలోనే పుట్టిందని ముసలితనంలో రాసుకున్నాడు.

అదే దశాబ్దంలో లండన్‌లో ఇంకో కేసు నడిచింది. జాన్ ఎంటిక్ అనే రచయిత సర్కారును తిట్టే పత్రికకు రాస్తున్నాడని 1762లో మంత్రి వారంటుతో మనుషులొచ్చారు. నాలుగు గంటలపాటు ఇల్లంతా గాలించి, పెట్టెలు పగలగొట్టి, కాగితాలు మోసుకుపోయారు. ఎంటిక్ దావా వేశాడు. 1765లో చీఫ్ జస్టిస్ కామ్డెన్ అతని పక్షాన తీర్పిచ్చాడు. మనిషికి ఉన్న ఆస్తుల్లో అతని సొంత కాగితాలే అన్నిటికన్నా ప్రియమైనవని, వాటిని తీసుకుపోయి రహస్యాలు చూడటం మామూలు చొరబాటు కన్నా పెద్ద గాయమని ఆయన అన్నాడు.

ఒకటి సుంకం అధికారి మీద కోపం, ఇంకోటి కాగితాల మీద ప్రేమ. అమెరికా రాజ్యాంగంలో నాలుగో సవరణ ఈ రెంటికీ పుట్టింది. మనుషుల ఒంటినీ, ఇళ్లనీ, కాగితాలనీ, వస్తువులనీ అకారణంగా సోదా చెయ్యకూడదని, వారంటు ఇవ్వాలంటే తగిన ఆధారం ఉండాలని, ఎక్కడ వెతుకుతారో ఏం వెతుకుతారో అందులో స్పష్టంగా రాయాలని అది చెప్తుంది. ‘కాగితాలు’ అన్న మాట అందులో విడిగా ఉండటం గమనించండి. వస్తువుల్లో కలిపెయ్యలేదు.

*

ఇక్కడే కథలో ఒక మెలిక ఉంది. నాలుగో సవరణను కాంగ్రెస్ ప్రతిపాదించింది 1789 సెప్టెంబరులో. దానికి రెండు నెలల ముందు, జూలై 31న, అదే కాంగ్రెస్ కస్టమ్స్ వసూళ్ల చట్టం చేసింది. కొత్త దేశానికి డబ్బు కావాలి, డబ్బు రేవుల్లోనే ఉంది. సుంకం ఎగ్గొట్టిన సరుకు దాచారని అనుమానం ఉంటే ఓడల్ని వారంటు లేకుండా వెతకొచ్చని ఆ చట్టం అధికారులకు హక్కు ఇచ్చింది. కస్టమ్స్ మీద కోపంతో తిరగబడిన దేశమే కస్టమ్స్‌కు మినహాయింపు ఇచ్చింది.

రెండు వందల ఏళ్ల తర్వాత కూడా సర్కారు లాయర్లు కోర్టులో మొదట చూపించేది ఈ చట్టాన్నే. సవరణ రాసినవాళ్లే సరిహద్దు సోదాలకు వారంటు అక్కర్లేదన్నారు కదా అంటారు. నిజమే. అయితే ఆ సెక్షన్ మొత్తం చదివితే ఇంకో మూడు సంగతులు కనబడతాయి. అందులో వెతకమన్నది సుంకం పడే సరుకుల్ని. ఓడ ఎక్కడానికి కూడా ‘అనుమానించడానికి కారణం’ ఉండాలంది. సరుకు ఇంట్లోనో గోదాములోనో ఉందనుకుంటే మాత్రం మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి వారంటు తెచ్చుకోమంది. అంటే 1789లో కూడా సుంకరికి మూడు వైపులా కంచె ఉంది.

ఆ కంచె వందేళ్లు బాగానే నిలబడింది. 1886లో సుప్రీంకోర్టు ముందుకు ‘బాయిడ్’ కేసు వచ్చింది. దిగుమతి చేసుకున్న 35 పెట్టెల అద్దాల మీద సుంకం తగువు. పాత సరుకు తాలూకు ఇన్వాయిస్ తెచ్చివ్వమని సర్కారు వర్తకుల్ని బలవంతపెట్టింది. కోర్టు కుదరదంది. సుంకం ఎగ్గొట్టి దాచిన సరుకును వెతకడం వేరు, మనిషి సొంత కాగితాల్ని వెతకడం వేరు, రెంటికీ పోలికే లేదంది. సరుకుకీ మాటకీ మధ్య గీత ఇంత స్పష్టంగా గీసిన తీర్పు మళ్లీ రాలేదనే చెప్పాలి.

*

సాహిత్యం చదివేవాళ్లకి ఈ గీత ఇంకో దారిలో తెలిసే ఉంటుంది. సుంకరి ఉత్తరాలు చదవడేమో గానీ, పుస్తకాలు మాత్రం చాలాకాలం చదివాడు. బయటి నుంచొచ్చే అశ్లీల సాహిత్యాన్ని ఆపడం అమెరికాలో కస్టమ్స్ పని. ఏది అశ్లీలమో తేల్చేది రేవులో గుమాస్తానే. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ ఇలాగే ఏళ్ల తరబడి ఆ దేశపు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

1930లో టారిఫ్ చట్టం తిరగరాస్తున్నప్పుడు సెనేట్‌లో దీనిమీద పెద్ద రగడ జరిగింది. న్యూ మెక్సికో సెనేటర్ బ్రాన్సన్ కటింగ్, కస్టమ్స్ గుమాస్తా దేశానికి పాఠకుడిగా ఉండటమేమిటని పోరాడాడు. చివరికి వచ్చిన రాజీ ఇది: పుస్తకాన్ని జప్తు చెయ్యొచ్చు, కానీ నిర్ణయం జిల్లా కోర్టుది. ర్యాండమ్ హౌస్ వాళ్లు ఈ సందు పట్టుకున్నారు. పారిస్ నుంచి ఒక ప్రతి ఓడలో తెప్పించారు. అధికారి పట్టించుకోకపోతే లాయరే పట్టుబట్టి మరీ జప్తు చేయించాడని చెప్తారు. జప్తు లేకపోతే కేసు లేదు మరి. ‘యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ యులిసిస్ అనబడే ఒక పుస్తకం’ అని కేసు పేరు. ముద్దాయి పుస్తకమే. 1933 డిసెంబరు 6న జడ్జి జాన్ ఉల్సీ ఆ పుస్తకం మొత్తం చదివి, ముద్దాయి లోపలికి రావచ్చన్నాడు.

1957లో ఇంగ్లండులో అచ్చయి వచ్చిన ఆలెన్ గిన్స్‌బర్గ్ ‘హౌల్’ ప్రతులు 520 శాన్ ఫ్రాన్సిస్కో కస్టమ్స్ పట్టుకుంది. కోర్టుకు వెళ్లడానికి ఫెడరల్ ప్లీడరు ఒప్పుకోలేదు. ప్రతులు వదిలెయ్యాల్సి వచ్చింది. 1930 నాటి ఆ చిన్న వాక్యం చేసిన పని అది. సోదాకి హద్దు అంటే సోదా ఉండకూడదని కాదు. చూసేవాడూ తేల్చేవాడూ ఒక్కడే కాకూడదని.

*

మరి ఉత్తరాలు? 1977 నాటి ‘రామ్సే’ కేసు వాటి గురించే. న్యూయార్క్ పోస్టాఫీసులో థాయిలాండ్ నుంచి వచ్చిన లావుపాటి కవర్లు కనబడ్డాయి. చేత్తో తడిమితే లోపల కాగితం కానిదేదో తగిలింది. అధికారి వారంటు లేకుండా విప్పాడు. హెరాయిన్. సుప్రీంకోర్టు ఈ సోదాను సమర్థించింది. సరిహద్దు దాటి వచ్చేది మనిషి చేతిలో వచ్చినా తపాలాలో వచ్చినా ఒకటేనంది. అయితే ఒక మాట జాగ్రత్తగా చేర్చింది. కవరు విప్పడానికి అనుమానించే కారణం ఉండాలని చట్టమే చెప్తోంది, లోపలి ఉత్తరాన్ని వారంటు లేకుండా చదవకూడదని కస్టమ్స్ నిబంధనే ఉంది, కాబట్టి జనం స్వేచ్ఛగా రాసుకోవడానికి భయపడాల్సిన పని లేదంది. విప్పు, పొడి ఉందేమో చూడు, కాగితం మడిచి మళ్లీ కవర్లో పెట్టు. ఆ నిబంధన ఇప్పటికీ అమల్లో ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

తర్వాత రెండు కేసులు సరిహద్దు చట్టాన్ని రెండు అరలుగా విడగొట్టాయి. మొదటిది ఒంటి గురించి. 1983లో బొగోటా నుంచి లాస్ ఏంజెలిస్‌లో దిగిన ఒక మహిళ కడుపులో మత్తుమందు దాచిందని అధికారులకు అనుమానమొచ్చింది. పదహారు గంటలు ఆపేశారు. చివరికి 88 బెలూన్ల కొకెయిన్ బయటపడింది. ఇలాంటి నిర్బంధానికి సహేతుక అనుమానం, అంటే ఫలానా కారణం వల్ల ఫలానా మనిషి మీద అని చెప్పగలిగే అనుమానం ఉండాలని 1985లో సుప్రీంకోర్టు అంది. రెండోది వస్తువు గురించి. మెక్సికో సరిహద్దులో ఒక కారు పెట్రోలు ట్యాంకు విప్పదీస్తే 37 కిలోల గంజాయి దొరికింది. ట్యాంకుకు పరువు మర్యాదలు ఉండవు కదా, దాన్ని విప్పడానికి ఏ అనుమానమూ అక్కర్లేదని 2004లో జడ్జీలందరూ ఏకగ్రీవంగా తేల్చారు.

ఒంటికి మర్యాద ఉంది, ట్యాంకుకు లేదు. బాగానే ఉంది. మరి లాప్‌టాప్‌ని ఏ అరలో పెట్టాలి?

*

2008లో ‘ఆర్నాల్డ్’ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ట్యాంకు అరలో పెట్టింది. లాప్‌టాప్ కూడా ఒక సూట్‌కేసే, అనుమానం అక్కర్లేదంది. 2013లో ‘కాటర్‌మాన్’ కేసులో అదే కోర్టు, ఈసారి ఎక్కువమంది జడ్జీలతో కూర్చుని, కొంత వెనక్కి తగ్గింది. ఆ కేసులో అరిజోనా సరిహద్దు దగ్గర పట్టుకున్న కంప్యూటర్లను దాదాపు 170 మైళ్లు మోసుకెళ్లి ల్యాబ్‌లో పెట్టి, చెరిపేసిన ఫైళ్లు కూడా బయటికి తీశారు. తెరిచి పైపైన చూడటం వేరు, ఇలా తవ్వడం వేరు, తవ్వాలంటే సహేతుక అనుమానం ఉండాలని కోర్టు అంది. సూట్‌కేసులోంచి మనం పారేసినవి సూట్‌కేసులో ఉండవు. కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ తేడా జడ్జీలకు తట్టింది.

2014 జూన్ 25న సుప్రీంకోర్టు ‘రైలీ’ తీర్పు వచ్చింది. సరిహద్దు కేసు కాదు. అరెస్టయినవాడి జేబులు తడమడానికి పోలీసులకు ఎప్పట్నుంచో హక్కుంది. జేబులో సెల్‌ఫోన్ దొరికితే అదీ తెరిచి చూడొచ్చా? వీల్లేదు, వారంటు తెచ్చుకోండని తొమ్మిదిమందీ ఒక్క గొంతుతో చెప్పారు. ఫోనూ జేబులో వస్తువే కదా అని సర్కారు అంటే, గుర్రం మీద వెళ్లడమూ చంద్రుడి మీదకు రాకెట్‌లో వెళ్లడమూ రెండూ ప్రయాణాలే అన్నట్టుంది మీ పోలిక అని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ ఎద్దేవా చేశాడు.

ఈ తీర్పు సరిహద్దుకు వర్తిస్తుందా? సుప్రీంకోర్టు ఇప్పటిదాకా చెప్పలేదు. కింది కోర్టులు తలో దిక్కు పట్టుకున్నాయి. 2018 మేలో, ఒకే నెలలో, నాలుగో సర్క్యూట్ ‘కోల్సుజ్’ కేసులో ఫోరెన్సిక్ సోదాకు అనుమానం తప్పనిసరి అంది. పదకొండో సర్క్యూట్ ‘టూసే’ కేసులో ఏ అనుమానమూ అక్కర్లేదు, ఫోను వస్తువే అంది. ఒంటిని ఇంట్లో వదిలి రాలేరు గానీ, చూపించడం ఇష్టం లేని వస్తువుని వదిలి రావచ్చుగా అని కూడా సెలవిచ్చింది. బోర్డింగ్ పాసూ, యూనివర్సిటీ కాగితాలూ, ఉండబోయే ఇంటి అడ్రసూ, డబ్బూ అన్నీ ఫోనులోనే ఉన్న మనిషి దాన్ని ఇంట్లో వదిలి ఎలా ప్రయాణం చేస్తాడో మాత్రం చెప్పలేదు.

2019లో ‘కానో’ కేసులో తొమ్మిదో సర్క్యూట్ మన పాత గీత దగ్గరికి వచ్చింది. కారు స్పేర్ టైరులో కొకెయిన్ దొరికాక అధికారులు డ్రైవరు ఫోనులోని నంబర్లు, మెసేజ్‌లు చూసుకుని రాసుకున్నారు. సరిహద్దు అధికారం నిషిద్ధ సరుకును పట్టుకోడానికి, నేరానికి సాక్ష్యాలు పోగేసుకోడానికి కాదు అంది కోర్టు. ఫోనులో నిషిద్ధమైన ఫైలే ఉందేమో వెతకొచ్చు. మిగతాదానికి వారంటు తెచ్చుకోవాలి. 1886 నాటి బాయిడ్ గొంతు ఇక్కడ మళ్లీ లీలగా వినబడుతుంది. కానీ తొమ్మిదో సర్క్యూట్ పరిధి అమెరికా పశ్చిమ రాష్ట్రాల వరకే. బోస్టన్‌లో దిగినవాడికి అది చెల్లదు.

ఆ బోస్టన్‌లోనే, ఓటిస్ వాదించిన ఊళ్లోనే, పదకొండుమంది ప్రయాణికులు 2017లో కేసు వేశారు. పదిమంది అమెరికా పౌరులు, ఒకరు గ్రీన్‌కార్డు ఉన్నవారు. వాళ్లలో నాసా ఇంజనీరు ఉన్నాడు, విలేఖరులున్నారు. దీన్ని ‘అలసాద్’ కేసు అంటారు. 2019 నవంబరులో జిల్లా జడ్జి డెనీస్ కాస్పర్ పైపై సోదాకైనా సహేతుక అనుమానం ఉండాలని తీర్పిచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఒకటో సర్క్యూట్ దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. ఆ తర్వాత న్యూయార్క్‌లో ఇద్దరు జిల్లా జడ్జీలు, 2023లో జెడ్ రాకాఫ్, 2024లో నీనా మారిసన్, ఫోను సోదాకు వారంటే కావాలన్నారు. అయితే అధికారులు అప్పటి నిబంధనల్ని నమ్మి మంచి ఉద్దేశంతోనే చేశారని చెప్పి, దొరికిన సాక్ష్యాన్ని మాత్రం తోసిపుచ్చలేదు.

కోర్టులు ఇలా కొట్టుకుంటుండగా అసలు నియమాలు రాసుకున్నది సుంకరే. కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ 2018 జనవరి 4న జారీ చేసిన ఆదేశం ప్రకారం సోదాలు రెండు రకాలు. వేలితో తిప్పుతూ చూడటానికి ఏ అనుమానమూ అక్కర్లేదు. వేరే యంత్రానికి తగిలించి కాపీ తీసుకోవాలంటే సహేతుక అనుమానమో, జాతీయ భద్రతకు సంబంధించిన ఆందోళనో ఉండాలి, పై అధికారి అనుమతీ ఉండాలి. ఫోనులో ఉన్నవి మాత్రమే చూడాలి, నెట్ ఆపేసి చూడాలి, క్లౌడ్‌లోకి వెళ్లకూడదు. ఇవి మంచి నియమాలే. కాకపోతే రాసినవాడే రేపు చెరిపెయ్యగలడు.

*

సర్కారు వాదనలో పస లేదని నేననను. పైన చెప్పిన కేసుల్లో కొన్నిటిలో దొరికినవి పసిపిల్లల మీద అఘాయిత్యాల చిత్రాలు. అలాంటివాణ్ని సోదా పద్ధతి బాగాలేదని వదిలెయ్యడం ఏ జడ్జికీ మనసొప్పదు. చిక్కేమిటంటే, వాణ్ని దృష్టిలో పెట్టుకుని రాసిన తీర్పు వాడితో ఆగదు. వెనక క్యూలో నిలబడ్డ అందరికీ అదే చట్టమవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. హెరాయిన్ లోపలికి రావాలంటే సరిహద్దు దాటి తీరాలి. ఫైలుకు ఆ అవసరం లేదు, అది ఏ క్షణాన్నైనా నెట్‌లో వస్తుంది. మనిషి జేబులో ఉన్న ఫోను తెరిస్తే ఆగేది సరుకు కన్నా ఎక్కువగా మనిషే.

లెక్కలు చూద్దాం. 2015 ఆర్థిక సంవత్సరంలో ఆ శాఖ తెరిచిన ఫోన్లు, కంప్యూటర్లు సుమారు 8,500. 2017లో 30,200. 2024లో 47,047. దేశంలోకి వచ్చేవాళ్లు ఏడాదికి నలభై కోట్ల పైమాటే కాబట్టి ఇది నూటికి పాతికో పరకో కాదు, చాలా చాలా తక్కువ అని శాఖ అంటుంది. నిజమే. కానీ భయం శాతాల్లో పనిచెయ్యదు.

మనవాళ్ల సంగతికొద్దాం. ఈ కేసులు వేసి గెలిచినా ఓడినా, వేసినవాళ్లు ఎక్కువగా పౌరులు. పాస్‌వర్డ్ చెప్పనంటే పౌరుడి ఫోను లాక్కోవచ్చు, గంటల తరబడి కూర్చోబెట్టొచ్చు, కానీ దేశంలోకి రానివ్వనని అనలేరు. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన పిల్లవాడిది వేరే లెక్క. వీసా అంటే గుమ్మం దాకా రమ్మనడమే, లోపలికి రానివ్వాలో వద్దో తేల్చేది కౌంటర్లో ఉన్న అధికారి. 1996లో తెచ్చిన చట్టం ప్రకారం, జడ్జి ముఖం చూపించకుండానే ఆ అధికారి వెనక్కి పంపెయ్యగలడు. అలా పంపేస్తే ఐదేళ్లు మళ్లీ అడుగు పెట్టడానికి లేదు. ఈ పరిస్థితిలో నాలుగో సవరణ గురించి వాదన పెట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది?

2023 ఆగస్టులో ఒక్కరోజులోనే ఇరవై ఒక్కమంది భారతీయ విద్యార్థుల్ని అమెరికా విమానాశ్రయాల నుంచి తిప్పి పంపారని, వాళ్లలో తెలుగు రాష్ట్రాల పిల్లలే ఎక్కువని వార్తలొచ్చాయి. అధికారులు ఫోన్లు, వాట్సాప్ చాట్‌లు చూశారని కూడా ఆ వార్తల్లో ఉంది. అప్పట్నుంచి విమానం ఎక్కబోయే పిల్లలకు ఆవకాయ, పొడులతో పాటు ఇంకో సలహా కూడా మూటగట్టి ఇస్తున్నారు: పార్ట్‌టైమ్ అన్న మాట ఉన్న ప్రతి చాట్ తీసెయ్యి. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చెయ్యడం వీసా నిబంధనలకు విరుద్ధమే, కాదనట్లేదు. కానీ ‘అక్కడ ఏదైనా పని దొరుకుతుందా అన్నా’ అని సీనియర్‌ని అడగడం పని చెయ్యడం కాదు. అది ఆందోళన. అప్పు చేసి పంపుతున్న తండ్రిని తలుచుకుని రాత్రి పన్నెండింటికి పెట్టిన మెసేజ్. దాన్ని ఆందోళనగా చదవాలో సాక్ష్యంగా చదవాలో తేల్చేది తెలుగు రాని మనిషి, బహుశా ఏదో అనువాదం యాప్ పెట్టుకుని.

2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది. అంటే సుంకం మెట్టు ఇప్పుడు హైదరాబాదులో కాన్సులేట్ దాకా జరిగివచ్చింది.

*

మిగతా దేశాల్లో గీతలు వేరేగా ఉన్నాయి. న్యూజిలాండ్ 2018లో పాస్‌వర్డ్ చెప్పకపోతే ఐదువేల డాలర్ల దాకా జరిమానా అంది, కానీ అడగాలంటే అధికారికి సహేతుక కారణం ఉండాలని అదే చట్టంలో రాసింది. కెనడాలో ఫోన్లను ‘సరుకులు’ అన్న మాట కింద లెక్కగట్టి హద్దు లేకుండా వెతకడం రాజ్యాంగానికి విరుద్ధమని ఆల్బర్టా అప్పీళ్ల కోర్టు 2020లో కొట్టేసింది. బ్రిటన్‌లో 2013లో స్నోడెన్ పత్రాలు తీసుకెళ్తున్న డేవిడ్ మిరాండాను హీత్రూలో తొమ్మిది గంటలు ఆపి పరికరాలు లాక్కున్నారు. జర్నలిస్టుల సమాచారానికి తగిన రక్షణ లేదని 2016లో అక్కడి అప్పీళ్ల కోర్టు ఆ చట్టాన్ని తప్పుపట్టింది.

మన దేశపు కస్టమ్స్ చట్టం 1962 నాటిది. దాని ఊహలో ఉన్నది ట్రంకుపెట్టె. 101వ సెక్షన్‌లో ప్రత్యేకంగా పేర్కొన్న వస్తువులు బంగారం, వజ్రాలు, చేతి గడియారాలు. అయినా అందులో ఒక మర్యాద ఉంది. ఒంటిని సోదా చెయ్యాలంటే నమ్మడానికి కారణం ఉండాలి. కావాలంటే ముందు గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు ప్రయాణికుడికి ఉంది. ఈ మర్యాద ఫోనుకూ వర్తించాలని 2017 నాటి పుట్టస్వామి తీర్పు చదివినవాళ్లెవరైనా వాదించొచ్చు. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జీలు తేల్చారు గనక. కానీ ఫోనుల గురించి స్పష్టంగా, ఇంతవరకే అని గీత గీసిన వాక్యం ఆ చట్టంలో లేదు.

సుంకరి రాసుకున్న కాగితం ఎంత బలంగా ఉంటుందో, ఎంత తేలిగ్గా గాలికి పోతుందో మనకూ అనుభవమే. 1988లో సల్మాన్ రష్దీ ‘సటానిక్ వర్సెస్’ దిగుమతిని ఆపింది ఒక కస్టమ్స్ నోటిఫికేషన్. ముప్పై ఆరేళ్లు దేశమంతా ఆ నిషేధాన్ని పాటించింది. ఎవరో దాన్ని కోర్టులో సవాలు చేస్తే ఆ కాగితం ఏ ఆఫీసులోనూ కనబడలేదు. 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, అలాంటిది లేదనే అనుకోవాలి అని కేసు ముగించింది.

ఇక రామ్సే కేసు దగ్గర గుర్తుపెట్టుకోమన్న నిబంధన. ఇవాళ గుంటూరు నుంచి ఒక తల్లి డాలస్‌లో ఉన్న కొడుక్కి తెల్లకాగితం మీద ఉత్తరం రాసి, కవరు అంటించి, స్టాంపు వేసి పోస్టు చేసిందనుకోండి. అప్పు ఎంత తీరిందో, నాన్నకు షుగరు ఎంతుందో, పెళ్లి సంబంధం ఎందుకు తప్పిపోయిందో అన్నీ అందులో రాసిందనుకోండి. అమెరికా కస్టమ్స్ అధికారి వారంటు లేకుండా ఆ ఉత్తరం చదవకూడదు. అవే మాటలు వాట్సాప్‌లో పెడితే, కొడుకు ఆ ఫోను జేబులో పెట్టుకుని విమానం దిగితే, అదే అధికారి నిలబడి తీరిగ్గా చదువుకోవచ్చు. ఆ మాటల్లో పొడి లేదు, బస్తా లేదు. రాసింది ఆ తల్లే, చదవాల్సింది ఆ కొడుకే. మారింది కాగితం ఒక్కటే.